బండ కింద తల

ఆ ఫోటో నా ఫోన్‌లోకి ఉదయం పదిన్నరకు వచ్చింది. అప్పుడు నేను సోమల మండలంలో ఒక హైస్కూల్లో వ్యాయామ టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరుగెత్తిస్తూ, విజిల్ నోట్లో పెట్టుకునే ఫోన్ తెరిచాను. పశువుల కొట్టంలో ఒక నల్లరాతి బండను పైకి లేపి గోడకు ఆనించారు. దాని కింద చదరపు గుంత. గుంతలో ఇసుక మధ్య ఎద్దు పుర్రె. ఎడమ కొమ్ము మొదట్లోనే విరిగిపోయి ఉంది. ఫోటో కింద ఎవరో ఇలా రాశారు: "కొళాయి పైపు కోసరం తవ్వతాంటే ముసిల్దాని కొట్టంలో బయటపడింది. ఊర్లో ఆవులు యాల సస్తాండాయో ఇప్పుడు తెలిసిందా?"

ఆ పుర్రెను అక్కడ పెట్టింది ముసలమ్మ కాదు, నేను. పెట్టినట్టు ఆమెకు తెలియను కూడా తెలియదు.

యాభై దాటిన టీచరు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, ఎవరి కొట్టంలోనో ఎద్దు పుర్రె పాతిపెట్టడమేమిటని మీరు అడగవచ్చు. నాట్యం కోసం పెట్టాను. అదీ మన నాట్యం కాదు, ఐర్లాండ్ వాళ్ళది. నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఇప్పుడు నవ్వినా ఫరవాలేదు.

నేను మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పెరిగాను. మా అమ్మ అక్కడ వార్డు దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పనిచేసేది. నర్సులందరికీ పెద్దగా ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక దొరసానమ్మ ఉండేది. మనిషి పొడుగు, మాట గట్టి. వార్డులో ఆమె అడుగు వినబడితే రోగులు కూడా సర్దుకుని పడుకునేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం నర్సుల హాస్టల్ వరండాలో కాంపౌండు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి వాళ్ళ దేశపు అడుగులు నేర్పేది. ఆమెకు వచ్చిన కాస్త తెలుగులో, "చేతులు నిద్ర. కాళ్ళు మాత్రం మాట్లాడాలి" అనేది. చేతులు కదిలిస్తే స్కేలుతో ఒక్కటి వేసేది.

ఆ నాట్యంలో నడుము పైన ఏమీ జరగదు. తల నిటారుగా, భుజాలు కదలకుండా, చేతులు పక్కలకు అంటుకుని ఉంటాయి. మోకాళ్ళ కింద మాత్రం కొంపలు మునిగిపోతున్నంత హడావుడి. చేతులు అలా ఎందుకు కట్టేసుకుంటారని అడిగితే దొరసానమ్మ రోజుకో కథ చెప్పేది. చర్చి పెద్దలు కోప్పడ్డారని ఒకసారి, ఇళ్ళు ఇరుకు కాబట్టి అని ఒకసారి, కిటికీలోంచి చూసేవాళ్ళకు ఆడుతున్నట్టు తెలియకూడదని ఇంకోసారి. పెద్దయ్యాక నేను వెతికి చదివితే తేలిందేమిటంటే అసలు కారణం ఎవరికీ తెలియదు. ఎవరికి నచ్చిన కథ వాళ్ళు చెప్పుకుంటున్నారు.

నాకు చిన్నప్పటినుంచీ కోపం ఎక్కువ. మా అమ్మ నా నోటికి భయపడి ఎవరింటికీ తీసుకుపోయేది కాదు. ఆ వరండాలో నా కోపానికి ఒక దారి దొరికింది. జిగ్ అనే ఆటకు తకిట తకిట అని, రీల్ అనే ఆటకు తకధిమి తకధిమి అని నేనే మనసులో దరువు కట్టుకున్నాను. పదేళ్ళకే దొరసానమ్మ నన్ను ముందు వరసలో నిలబెట్టింది.

అడుగులకన్నా ఆమె కథలు నాకు ఎక్కువ ఇష్టం. వాళ్ళ దేశంలో పూర్వం నాట్యం నేర్పే గురువులు ఊరూరా తిరిగేవారట. ఒక ఊళ్ళో ఆరు వారాలో ఎంతో మకాం వేసి, ఎవరింట్లోనో తిని పడుకుని, పల్లె పిల్లలకు అడుగులు నేర్పి, తర్వాతి ఊరికి పోయేవారట. ఒకరి ఊళ్ళోకి ఇంకొకరు రాకూడదు. వస్తే పందెం వేసుకుని తెల్లారేదాకా ఆడి తేల్చుకోవాల్సిందే. పిల్లలకు కుడి ఎడమలు తెలియకపోతే ఒక కాలికి పచ్చిక ఎండబెట్టిన మేత, ఇంకో కాలికి ధాన్యపు గడ్డి కట్టి, "మేత కాలు, గడ్డి కాలు" అంటూ నేర్పేవారట. నేలంతా బురద కాబట్టి ఇంటి తలుపు ఊడదీసి నేల మీద పరిచి దాని మీద ఆడేవారట. దొరసానమ్మ వాళ్ళ అమ్మమ్మ ఇంట్లోనైతే పొయ్యి ముందర ఒక రాతి పలక ఉండేదట. దాని కింద గుర్రపు పుర్రె పాతిపెట్టారట. బూటు మడమ పడితే రాయి గంటలా పలికేదట. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే బాగుండేది.

దొరసానమ్మ వెళ్ళిపోయింది, నేను పెళ్ళి చేసుకుని పుంగనూరు వచ్చేశాను. వ్యాయామ టీచర్ ఉద్యోగం వచ్చింది. ఇల్లూ బడీ చూసుకుంటూనే తలుపు వేసుకుని అడుగులు వేసుకునేదాన్ని. ఫోన్లలో వీడియోలు వచ్చాక ఆ నాట్యం ఇంకా బతికే ఉందని, బెంగళూరులో నేర్పేవాళ్ళున్నారని, పరీక్షలు కూడా పెడతారని తెలిసింది. కుప్పం దాకా బస్సు, అక్కడి నుంచి రైలు పట్టుకుని పోయి, నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న పిల్లల పక్కన నిలబడి మళ్ళీ నేర్చుకున్నాను. సిగ్గేమీ అనిపించలేదు.

అప్పుడే మా స్కూల్లో ఒక పిల్ల కనబడింది. తొమ్మిదో తరగతి. అమ్మానాన్నలు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని, పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. వాళ్ళ ఊళ్ళో చెక్కభజన జట్టు ఉంది. చేతుల్లో చెక్కలు పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. స్కూల్ వార్షికోత్సవంలో ఆ జట్టులో ఈ పిల్ల కాళ్ళు చూసి నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. మర్నాడే పిలిచి, నాకు తెలిసిన నాలుగు అడుగులు చూపించాను. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు తిరిగి చేసి చూపించింది.

ఆ భజన జట్టుకు గురువు ఊళ్ళో పాల కేంద్రం నడిపే పెద్దాయన. వయసులో ఉండగా ఆయనా ఊరూరా తిరిగినవాడే. ఒక్కో ఊళ్ళో నెలల తరబడి ఉండి, వంతుల వారీగా ఇళ్ళల్లో తిని, భజన నేర్పి, చివర గజ్జెపూజ చేయించి వచ్చేవాడు. ఐర్లాండ్ గురువుల సంగతి నేను ఉత్సాహంగా చెబితే, "అయితే ఆడ కూడా ఒగొగరింట్లో ఒగో పూట కూడేనా మేడమ్" అని మాత్రం అడిగాడు. పిల్ల నా దగ్గర నేర్చుకోవడానికని భజనకు రావడం తగ్గించాక ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఒకరి ఊళ్ళోకి ఇంకొకరు రాకూడదన్న కథ నాకు తెలిసి కూడా నేను ఆగలేదు.

పిల్ల అవ్వే ఆ ముసలమ్మ. ఆమెకు మూడు ఆవులు, పెద్ద కొట్టం. కొట్టంలో సగం ఖాళీ. "ఈడే ఎగురుకోండి, నాకేమి అడ్డం" అని ఆమే చోటిచ్చింది. బెంగళూరులో పిల్లకు పరీక్ష ఉంది. అందులో మడమకూ మునివేళ్ళకూ గట్టి చెక్కలాంటివి బిగించిన బూట్లతో ఆడాలి. అడుగు చప్పుడుకే మార్కులు. మట్టినేల చప్పుడునంతా మింగేసేది. శాంతిపురంలో మా తమ్ముడు గ్రానైట్ పాలిష్ పని చేస్తాడు. వాణ్ణి బతిమాలి ఒక ముక్క బండ అడిగాను. టమోటా లోడు దించి ఖాళీగా వస్తున్న బండిలో వేసి పంపాడు. నలుగురం పట్టి కొట్టంలో పరిచాం. ఆ బండ శుద్ధ మూగది. ఎంత కొట్టినా పొడి దగ్గులాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు నాకు దొరసానమ్మ అమ్మమ్మ గుర్రం గుర్తొచ్చింది. "ఎద్దు తలకాయ ఎముక ఏదైనా దొరుకుతుందా?" అని పిల్లను అడిగాను. పిల్ల నా ముఖంలోకి చూసి, "తెస్తా మేడమ్" అంది. సోమవారం ఎరువుల సంచీలో తెచ్చింది. శుభ్రంగా కడిగి ఉంది. ఎక్కడిదని నేను అడగలేదు. ముసలమ్మ ఆవుల్ని మేపడానికి పోయిన మధ్యాహ్నం ఇద్దరం గడ్డపారతో బండను ఒక పక్కకు జరిపి, గుంత తవ్వి, పుర్రె పెట్టి, చుట్టూ ఇసుక పోసి, పైన కాస్త ఖాళీ ఉంచి, బండ కప్పేశాం. ఆమెకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని నాకు తెలుసు, అందుకే చెప్పలేదు. ఇందులో తిప్పి చెప్పుకోవడానికేమీ లేదు. పిల్ల బూట్లు కట్టుకుని ఒక్క అడుగు వేసింది. బండ పలికింది. ఇద్దరం ఎగిరి గంతులేశాం.

అది జరిగి మూడు నెలలు. ఈలోగా ఊళ్ళో ఆవులకు గడ్డల రోగం వచ్చింది. ఒళ్ళంతా కాయలు కట్టి, మేత మానేసి, రెండు ఆవులు చచ్చిపోయాయి. జనం కడుపు మండి ఉన్నారు. అలాంటప్పుడు పైపు పనివాళ్ళు బండ లేపారు.

ముసలమ్మకు చేతబడి చేసిందన్న పేరు పడితే ఏమవుతుందో మా వైపు అందరికీ తెలుసు. ఒంటరి ముసలిది, మొగుడు పోయినది, కొట్టంలో తలకాయ దొరికింది. ఇక ఆ ఇంటి పాలు ఎవరూ పోయించుకోరు. ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకోరు. రెండు పూటలా పోసే ఆ పాలే వాళ్ళిద్దరికీ కూడు. ఇంకా ముందుకు పోయి చేయి చేసుకున్న ఊళ్ళ గురించి కూడా విన్నాను. ఆ రోజు పిల్ల స్కూలుకు రాలేదు.

నేను వెంటనే సెలవు పెట్టి పరుగెత్తాల్సింది. పెట్టలేదు. సాయంత్రానికి సద్దుమణుగుతుందని నాకు నేనే చెప్పుకుంటూ రెండు పీరియడ్లు పిల్లల చేత ఖోఖో ఆడించాను. ఫోన్ మోగుతూనే ఉంది. పన్నెండుకు, "పోలీసులకు చెప్పాల" అన్నారు. ఒంటిగంటకు, "పోలీసులు యాల, ఊరు సాలదా" అన్నారు. మూడింటికి, "సాయంత్రం పాల కేంద్రం కాడ తేలుస్తాం, అందురూ రాండి" అని ఎవరో పెట్టారు. నేను అన్నం డబ్బా కూడా తెరవలేదు.

నాలుగున్నర బస్సులో కూర్చుని చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. "అది నేను పెట్టాను. మీరనుకునేది కాదు. ఐర్లాండ్‌లో చప్పుడు కోసం అలా పెడతారు. పెద్దమ్మకు ఏమీ తెలియదు." నాలుగే నాలుగు వాక్యాలు. వాటి వెనకే ఇంకొకటి వినబడుతూ ఉంది. చర్చికి పోయే టీచరు, హిందువుల ఇంట్లో, వాళ్ళకు తెలియకుండా ఎద్దు తల పాతిపెట్టింది. ఈ మాట ఫోన్లలోకి ఎక్కితే ఎంత దూరం పోతుందో నాకు బాగా తెలుసు. నా ఉద్యోగం, మా చర్చి, మదనపల్లెలో మావాళ్ళు, అందరూ అందులోకి వస్తారు. పైగా చప్పుడు కోసం అన్నది కూడా నేను గట్టిగా చెప్పగలిగిన మాట కాదు. ఐర్లాండ్‌లోనే కొందరు ఆ పుర్రెలు నాట్యానికి కాదు, ఇంటికి చెడు తగలకుండా పాతినవని అంటారని నేను చదివాను. అంటే ఈ ఊరివాళ్ళు అనుమానపడినదానికి దగ్గరదే. ఆ సంగతి చదివిన రోజు సరదాగా అనిపించింది. బస్సులో చెమట పట్టింది.

పాల కేంద్రం ముందర ముప్పై మంది దాకా ఉన్నారు. మామూలుగా అయితే క్యాన్లు వరసలో పెట్టి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఆ రోజు క్యాన్లు వరసలో ఉన్నాయి, మనుషులు మాత్రం గుంపుగా నిలబడ్డారు. నేను కరెంటు స్తంభం పక్కన ఆగిపోయాను. నన్ను చూసి ఒకరిద్దరు తల తిప్పుకున్నారు.

ముసలమ్మ వచ్చింది. ఎప్పటిలాగే తల మీద చుట్టకుదురు, దాని మీద క్యాను. వెనక పిల్ల. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. అది గౌరవం కాదు, ఆమె కొంగు తగలకూడదని. ఆమె క్యాను దించి బల్ల మీద పెట్టింది. భజన గురువు కొలిచే గిన్నె మీద అరచెయ్యి పెట్టాడు.

"ఈ పొద్దు వద్దులేమ్మా" అన్నాడు.

"యాలప్పా? నీళ్ళు కలిపినానా?"

"నీళ్ళ గురించి కాదు."

వెనక నుంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. నిన్ననే ఆమె ఆవు చచ్చిపోయింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నా ఆవు సూలుదమ్మా, కడుపులో దూడతో పోయింది. నీ కండ్లకు మేము యాడ అడ్డమొస్తిమి? తల పెట్టి ఏం సాధించుకున్నావు?" అంది. తిట్టడం లేదు, నిజంగా అడుగుతోంది. అందుకే వినలేకపోయాను.

"ఎవురు సెప్పినారు పెట్టమని?" అని ఇంకొకడు అరిచాడు. "ఎవురు పెట్టినారో సెప్పిస్తే సరి. ఇంతమందిమి ఉండాము."

ఇదే నా సమయం. నాలుగు వాక్యాలూ నాలుక చివరే ఉన్నాయి. హెడ్మాస్టరుతోనూ, బస్సు కండక్టరుతోనూ, కట్టుకున్నవాడితోనూ నోరు పారేసుకోవడానికి క్షణం ఆలోచించని మనిషిని, స్తంభం పక్కన నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. ఒక్క మాట బయటికి రాలేదు. పిల్ల నా వైపే చూస్తోంది. పిల్ల ఎటు చూస్తోందో ముసలమ్మ చూసింది. ఆమె కళ్ళు నా ముఖం మీద ఆగాయి. పొద్దున్నుంచీ పిల్ల ఆమెకు ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. నా ముఖం చూసే ఆమెకు అంతా అర్థమైంది.

ఆమె గుంపు వైపు తిరిగింది.

"నేనే పెట్టుకున్నా" అంది.

గుంపులో ఒక్కసారిగా కదలిక. ఎవరో ముందుకు తోసుకువచ్చారు. ఆమె గొంతు పెంచలేదు.

"ఫోటోలు తీసినారు గదా, సరిగా సూసినారా? ఎడం కొమ్ము సూడండి. అది నా ఎద్దు. ఆ కొమ్ము యాడ ఇరిగిందో మరిసిపోయినారా? వంకలో నీళ్ళ డ్రమ్ముల బండి దిగబడితే మోకాళ్ళ మీద కూలబడి లాగింది. అప్పుడు ఇరిగింది. బోర్లన్నీ ఎండిపోయిన ఏడు మీరందురూ తాగినేది ఆ డ్రమ్ముల నీళ్ళే. నువ్వు తాగినావు, మీ నాయన తాగినాడు. నీ ఆవు తల్లి కూడా తాగింది." చివరి మాట ఏడుస్తున్న ఆడమనిషితో అంది. "సచ్చిపోతే సేను గట్టున పూడ్సినా. కుక్కలు తవ్వతాంటే సూడలేక ఇంటికి తెచ్చుకున్నా. నా ఎద్దు నా కొట్టంలో ఉండాది. దానికి మీకేమి?"

ఇందాక అరిచినవాడు కాస్త తగ్గి, "మరి బండ కింద యాల పెట్టినావు?" అన్నాడు.

"యాడ పెట్టమంటావు? అటక మీద పెట్టి పండగకు దించమంటావా?"

ఒకరెవరో నవ్వారు. 

ముసలమ్మ ఆ ఆడమనిషి దగ్గరికి పోయింది. "నీ ఆవుకు కాయలు లేసిన దినమే సెప్పినా, సూది ఏయించమని. ఇంకొకటి ఉండాది గదా నీకు. దానికన్నా పొద్దున్నే ఏయించు" అంది. ఆమె తల ఊపి కొంగుతో ముఖం కప్పుకుంది. భజన గురువు గిన్నె మీది నుంచి చెయ్యి తీశాడు. పాలు కొలిచి మెషిన్‌లో పెట్టాడు. జనం మెల్లగా క్యాన్ల దగ్గరికి సర్దుకున్నారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెబుతున్నాను, మొదట కలిగింది సిగ్గు కాదు, హాయి. బతికిపోయాననుకున్నాను. కేంద్రం ముందు నుంచి పోబోతుంటే గురువు తల ఎత్తకుండానే, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"పలికింది గుంత మేడమ్, తల కాదు. కొత్త కుండ ఒగటి బోర్లించింటే ఇంకా బాగా పలుకుతా ఉండె. ఒగ మాట నన్ను అడిగింటే సెప్తా ఉంటి."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. బండ, గుంత, ఇసుక ఫోటోలో చూడగానే చప్పుడు కోసమని, అది నా పనేనని పోల్చుకుని ఉంటాడు. ఆయనా నోరు తెరవలేదు. నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ముసలమ్మ ఇంటి దారి పట్టాను.

కొట్టంలో పిల్ల గుంత పక్కన కూర్చుని ఉంది. లేపిన బండ ఇంకా గోడకు ఆనుకునే ఉంది. "అది మీ ఎద్దుదని నాకెందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది.

"మీరు అడగలేదు మేడమ్." కొంచెం ఆగి, "ఏరే దాని తల ముట్టుకోబుద్ధి కాలేదు" అంది.

ముసలమ్మ ఖాళీ క్యానుతో లోపలికి వచ్చింది. దండెం మీది పాత చీర తీసి, గుంతలో దిగి, పుర్రె మీది ఇసుక అరచేత్తో తుడిచి, చీరలో చుట్టి చంకన పెట్టుకుంది. పార ఇంకో చేత్తో పట్టుకుని బయటికి నడిచింది. వెనకే పిల్ల, పిల్ల వెనక నేను. ఇంకా వెలుతురు ఉంది. చేను గట్టున మట్టి తిరగేసిన చోటు ఒకటి కనబడుతూనే ఉంది. కుక్కలు తవ్విన గుర్తు ఎక్కడా లేదు. ఎరువుల సంచీ పట్టుకుని మూడు నెలల కిందట పిల్ల తవ్విన చోటది.

పార నేను తీసుకోబోయాను. ఇవ్వలేదు. తనే తవ్వింది. వేరుశెనగ పీకేసిన చేను, నేల గట్టిగా ఉంది. ఆమె రొప్పుతూ తవ్వుతుంటే నిలబడి చూడటం నా వల్ల కాలేదు.

"పెద్దమ్మా, నేనే చెప్పాల్సింది. నాకు నోరు రాలేదు. నా వల్ల నీకు ఊళ్ళో..."

"ఊరి మాట కాదుమ్మా." ఆమె పార ఆపింది. "నువ్వు సెప్పింటే నిన్ను ఈ ఊరి పొలిమేర తొక్కనిచ్చేవాళ్ళు కాదు. పిల్ల ఆట ఆ పొద్దుతో సరి. అందుకని నా నెత్తిన ఏసుకున్నా. అదెంత, ఒగ మాట. మోస్తా."

చీర మూట గుంతలో దించి, దాని పక్కనే మట్టిలో కూర్చుంది.

"మూడు నెల్లు. సాయంత్రం నేను ఆవుల్ని తోలుకొని వస్తాంటే కొట్టంలోనుంచి టకటకమని ఇనపడతా ఉండె. నా బిడ్డ ఎంత బాగా ఆడతాండాదో అని వాకిట్లో నిలబడి ఇంటా ఉంటి. పక్కింటోళ్ళను పిలిచి ఇనిపించినా. దేని నెత్తిన తొక్కతాండాదో నాకేం తెలుసు? పద్నాలుగేండ్లు సాకినా దాన్ని. ఒగ దినం కాలు తగిలితే మొక్కుకునేదాన్ని."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఎవరి ముందూ ఏడవని మనిషిని నేను. "క్షమించు పెద్దమ్మా, నన్ను క్షమించు" అన్నాను.

"నన్ను యాల అడగతావు?" అంది. "దాన్ని అడుగు. పేరు పెట్టి పిలు. అట్లయితేనే పలుకుతాది."

ఎద్దు పేరు ఆమె చెప్పింది. ప్రార్థనకు తప్ప దేని ముందూ మోకాళ్ళు వంచకూడదని మా ఇంట్లో నేర్పారు. ఆ గట్టు మీద మోకాళ్ళు వంచాను. పిల్ల కూడా నా పక్కన కూర్చుంది. పేరు పెట్టి గట్టిగా పిలిచి, పెట్టించింది నేనేనని, చిన్నపిల్లకు తెలియదని, తప్పు నాదని అన్నాను.

అంతసేపూ ముసలమ్మ పిడికిట్లో మట్టి పట్టుకుని ఆగింది. నేను చెప్పడం అయ్యాకే గుంతలో వేసింది.